మూడో సిలిండర్ మిస్సింగ్: పెట్రోల్‌లోనూ వస్తోంది కాబట్టి గ్యాస్‌కు సంబంధం లేదా?

హైదరాబాద్‌లో క్యాబ్‌గా తిరిగే సెడాన్. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, టైమింగ్ చైన్. మీటర్ మీద 1,38,000 కిలోమీటర్లు. 41,000 దగ్గర బయట షాపులో సీక్వెన్షియల్ (ఒక్కో సిలిండర్‌కు విడిగా గ్యాస్ ఇచ్చే) సీఎన్‌జీ కిట్ పెట్టించారు, అప్పటి నుంచి దాదాపు అంతా గ్యాస్ మీదే నడిచింది. ఈ ఇంజన్‌లో వాల్వ్ గ్యాప్‌ను వాటంతటవే సర్దే హైడ్రాలిక్ లిఫ్టర్లు లేవు. వాల్వులను తెరిచే క్యామ్ నేరుగా బకెట్ ట్యాపెట్ (వాల్వ్ కాడ మీది గిన్నె లాంటి మూత) మీద ఒత్తుతుంది, ఆ రెండింటి మధ్య గ్యాప్ సరిచేయాలంటే వేరే మందం ట్యాపెట్ వేయాలి. బండి, ఓనర్, అంతకుముందు పనిచేసిన షాపుల వివరాలు కావాలనే వదిలేశాం.

ఏం ఇబ్బందితో వచ్చింది

సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వణుకు, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పెద్దగా తెలియదు, పావుగంట తిరిగి ఇంజన్ వేడెక్కాక మొదలవుతుంది. రేస్ ఇస్తే పోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద అయితే వణుకే లేదు, కాస్త పికప్ తగ్గిందంతే. చెక్ ఇంజన్ లైటు వెలగడం, స్కానర్‌తో చెరిపేయడం, మూడు నాలుగు రోజులకు మళ్లీ వెలగడం. కోడ్లు ఎప్పుడూ అవే: పి0303, అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అందులో ఇంధనం సరిగా మండకపోవడం. అప్పుడప్పుడు పి0300, అంటే ఏ ఒక్క సిలిండర్‌కో కట్టుబడని మిస్‌ఫైర్. వీటితో పాటు పి0171, మిశ్రమంలో ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అని.

మా దగ్గరకు వచ్చేసరికే నాలుగు ప్లగ్గులు రెండుసార్లు మారాయి. మూడో సిలిండర్‌కు కొత్త కాయిల్ (ప్లగ్‌కు కరెంట్ ఇచ్చి నిప్పు పుట్టించేది) పడింది. ఇంజెక్టర్లు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. పి0171 చూసి ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ కూడా మార్చారు. కంప్రెషన్ (సిలిండర్‌లో నిలిచే ఒత్తిడి) చూశామని, నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయని చెప్పారట. చివరగా వారం పాటు ఒట్టి పెట్రోల్ మీద నడిపించారు. పెట్రోల్‌లోనూ మిస్సింగ్ కొట్టింది కాబట్టి ఇది గ్యాస్ సమస్య కాదని తేల్చి, ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, మార్చాలన్నారు.

కోడ్ చెరిపిన ప్రతిసారీ రెండు మూడు రోజులు లైటు రాకపోవడాన్ని ఆ మార్చిన భాగం ఖాతాలో వేశారు. అసలు సంగతి వేరు. మరీ తీవ్రమైన మిస్‌ఫైర్ అయితే లైటు మిణుకుమిణుకుమంటుంది, అది ఎగ్జాస్ట్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుందన్న హెచ్చరిక. ఇలాంటి తేలికపాటి మిస్‌ఫైర్‌కు ఈసీయూ మొదటి డ్రైవ్‌లో కోడ్‌ను పెండింగ్‌లో పెట్టుకుంటుంది. ఇంకో డ్రైవ్‌లో మళ్లీ కనబడితేనే లైటు వెలిగిస్తుంది. పైగా కోడ్ చెరిపితే ఫ్యూయల్ ట్రిమ్‌లు (మిశ్రమం సరిచేయడానికి ఈసీయూ ఇంధనాన్ని పెంచే, తగ్గించే శాతాలు) కూడా సున్నా అవుతాయి, మళ్లీ నేర్చుకునేదాకా ఐడిలింగ్ (రేస్ ఇవ్వకుండా ఇంజన్ తిరగడం) కొంచెం మారినట్టు అనిపిస్తుంది. లైటు రాలేదు కదా అని బండి బాగైందనుకోవడానికి లేదు.

చెరిపే ముందు చదవాలి

అందుకే మొదట స్కానర్ పెట్టి, ఏమీ చెరపకుండా, ఒక్కో కోడ్ కింద ఉన్న ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడిన క్షణంలోని రీడింగులు, రాసుకున్నాం. ఈ ఈసీయూ ఒక్కో కోడ్‌కు విడి ఫ్రేమ్ దాచుకుంటుంది, కంపెనీ స్థాయి స్కానర్‌తోనే అవన్నీ కనబడతాయి. చవక రీడర్లలో చాలావాటికి ఒక్క ఫ్రేమే అందుతుంది.

పి0303 పడినప్పుడు 760 ఆర్‌పీఎం, వేగం సున్నా, కూలెంట్ 91 డిగ్రీలు, లోడ్ 27 శాతం, లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ నేర్చుకుని నిలుపుకున్న సవరణ) ప్లస్ 9 శాతం. పి0171 పడినప్పుడు 2600 ఆర్‌పీఎం, గంటకు 84 కిలోమీటర్లు, లోడ్ 58 శాతం, లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 25, అంటే ఈసీయూ ఇక అంతకు మించి ఇంధనం పెంచలేని హద్దు.

ఒకటి ఆగి ఉన్నప్పుడు, ఒకటి హైవే మీద. ఇవి ఒకే జబ్బుకు రెండు లక్షణాలు కాకపోవచ్చు. రెండు కోడ్లనూ కలిపి చూసి ఎక్కడో గాలి లీకు ఉందనుకోవడం చాలామంది చేసే పని. కానీ గాలి లీకైతే ట్రిమ్ ఐడిల్‌లో ఎక్కువ ఉండి, రేస్ పెంచేకొద్దీ తగ్గాలి. ఇక్కడ తిరగబడి ఉంది. అదీ కాక ఈ బండికి గాలి కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేదు, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) ప్రెషర్ సెన్సర్ మాత్రమే ఉంది. ఈ పద్ధతిలో లీకైన గాలి కూడా ప్రెషర్ రూపంలో లెక్కలోకి వస్తుంది. ఐడిల్ పెరుగుతుందేగానీ ట్రిమ్ అంతగా ఎగబాకదు. అయినా లోపలికి పొగ ఊది లీకు వెతికే స్మోక్ టెస్ట్ చేశాం. మానిఫోల్డ్, బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ హోస్ (ఇంజన్ లోపలి ఆవిర్లు తీసుకెళ్లే గొట్టం), గ్యాస్ నాజిళ్లు కొట్టిన చోట్లు, ఎక్కడా పొగ రాలేదు. గ్యాస్ నాజిళ్ల కోసం మానిఫోల్డ్‌కు డ్రిల్ వేసిన బళ్లలో ఆ నాలుగు రంధ్రాల దగ్గర తప్పకుండా చూడాలి.

ఆక్సిజన్ సెన్సర్ మీద అనుమానం తీరడానికి రెండు నిమిషాలు చాలు. ఇంజన్ వేడి మీద ఐడిల్‌లో ఉండగా ఎయిర్ ఇన్‌టేక్‌లో కొంచెం కార్బ్ క్లీనర్ కొట్టాం. సెన్సర్ వోల్టేజ్ వెంటనే 0.8 దాటింది, ఆపగానే పడిపోయింది. సెన్సర్ నిజమే చెబుతోంది. పాతది కూడా నిజమే చెప్పి ఉంటుంది.

కరెంటా, ఇంధనమా, ఇంజనా

ఒక సిలిండర్ మండకపోవడానికి మూడే దారులు: నిప్పు లేదు, ఇంధనం సరిగా లేదు, ఒత్తిడి నిలవడం లేదు. మొదటి రెండింటిని ఒకే దఫాలో తేల్చడానికి మూడో సిలిండర్ కాయిల్‌ను ఒకటికి, ప్లగ్‌ను రెండుకు, పెట్రోల్ ఇంజెక్టర్‌ను నాలుగుకు మార్చాం. మూడూ ఒకే సిలిండర్‌కు మారిస్తే తప్పు వెంట వెళ్లినా ఏ భాగంతో వెళ్లిందో తెలియదు. ఇలా విడగొడితే వచ్చే కోడే చెబుతుంది. ఇంజెక్టర్ పీకినప్పుడు ఓ-రింగులు కొత్తవి వేయాలి. లేకపోతే పరీక్షే కొత్త లీకు తెచ్చిపెడుతుంది.

మిస్‌ఫైర్ కౌంటర్ మూడు మీదే నిలబడింది. వేడి ఐడిల్‌లో వెయ్యి చుట్లకు 70 దాకా, మిగతా మూడింట్లో సున్నా నుంచి రెండు. వెయ్యి చుట్లలో ఒక్కో సిలిండర్ 500 సార్లు మండాలి. అంటే మూడోది ఏడింట ఒకసారి ఎగ్గొడుతోంది. భాగాలు మారాయి గానీ వైరింగ్ కదల్లేదు కదా, దాన్నీ వదలకూడదు. మూడో కాయిల్ కనెక్టర్ దగ్గర సప్లై, ఎర్త్ వోల్టేజ్ డ్రాప్ చూశాం. స్కోప్ (కరెంట్‌ను గీతగా చూపే పరికరం) పెట్టి కాయిల్ కరెంట్ ఎక్కే తీరును ఒకటో కాయిల్‌తో పోల్చాం. తేడా లేదు.

తర్వాత పవర్ బ్యాలెన్స్. పెట్రోల్ ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి, ఐడిల్ కంట్రోల్ సర్దుకునేలోపు ఆర్‌పీఎం ఎంత పడుతుందో చూడాలి. ఒకటి, రెండు, నాలుగు పీకితే 80 నుంచి 90 పడింది. మూడు పీకితే 25. అదే పరీక్ష 2500 దగ్గర పెడితే నాలుగూ ఇంచుమించు సమానం.

కేసు ఇక్కడే ఒక దారికొచ్చింది. 750 ఆర్‌పీఎంలో ఒక కంప్రెషన్ స్ట్రోక్‌కు 40 మిల్లీసెకన్లు పడుతుంది. 2500 దగ్గర 12 మాత్రమే. వాల్వ్ దగ్గర సన్నటి లీకు ఉంటే ఐడిల్‌లో గాలి జారిపోవడానికి తీరిక ఉంటుంది, రేస్ ఇస్తే ఉండదు. ప్లగ్, కాయిల్ బలహీనంగా ఉంటే సాధారణంగా దీనికి వ్యతిరేకం: లోడ్ పడ్డప్పుడు, అందులోనూ గ్యాస్ మీద, ముందు బయటపడతాయి. ఎందుకంటే సీఎన్‌జీని అంటించడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజ్ కావాలి. ఐడిల్‌లో మాత్రమే మిస్ అయ్యి, లోడ్ మీద శుభ్రంగా నడిచే బండికి కాయిల్ మార్చడం దండగ.

కంప్రెషన్ మళ్లీ చూడటం

నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయన్న పాత రీడింగ్‌ను ఎందుకు పక్కన పెట్టాం? కాగితం మీద 120, 118, 108, 121 పీఎస్‌ఐ అని ఉంది. ఈ ఇంజన్‌కు మాన్యువల్ చెప్పేది 14 కేజీలు, అంటే సుమారు 199 పీఎస్‌ఐ. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి ఒత్తిడి ఆరు శాతం దాకా తక్కువ. కాబట్టి ఇక్కడ బాగున్న ఇంజన్ 185 నుంచి 188 చూపాలి. నాలుగు సిలిండర్లూ 120 దగ్గర ఉంటే ఆ బండి స్టార్ట్ అవడమే కష్టం. యాక్సిలరేటర్ తొక్కకుండా, థ్రాటిల్ మూసి ఉండగానే సెల్ఫ్ కొట్టి ఉంటారు. గాలే లోపలికి వెళ్లనప్పుడు మంచి సిలిండర్, చెడ్డ సిలిండర్ తేడా చిన్నదైపోతుంది.

మేము చేసిన పద్ధతి: ఇంజన్ వేడి మీద, నాలుగు ప్లగ్గులూ తీసేసి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకి, కాయిల్ కనెక్టర్లు తీసి, బ్యాటరీకి చార్జర్ తగిలించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి. ఒక్కో సిలిండర్‌కు సూది ఆరు ఎగుర్లు ఎగిరేదాకా సెల్ఫ్. వచ్చినవి 186, 184, 149, 185. సిలిండర్ల మధ్య కేజీ, అంటే 14 పీఎస్‌ఐ, మించి తేడా ఉండకూడదు. ఇక్కడ 37 ఉంది. ప్లగ్ రంధ్రంలోంచి ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 152. రింగుల లీకైతే ఆయిల్ సీల్ పట్టి బాగా పెరగాలి. పెరగలేదు కాబట్టి పై భాగం, అంటే వాల్వో గాస్కెట్టో.

ఏదో తేల్చేది లీక్‌డౌన్ టెస్ట్, అంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత, ఎటు జారుతోందో చూడటం. మూడో పిస్టన్‌ను కంప్రెషన్ టీడీసీకి, అంటే వాల్వులన్నీ మూసుకుని పిస్టన్ పైకొసన ఉండే చోటికి, తెచ్చి, గేర్ వేసి హ్యాండ్‌బ్రేక్ లాగి, 100 పీఎస్‌ఐ గాలి ఎక్కించాం. టీడీసీ నుంచి కొంచెం పక్కకు ఉన్నా గాలి పిస్టన్‌ను నెట్టేస్తుంది, రాట్చెట్ క్రాంక్ మీదే వదిలేస్తే చెయ్యి విరుగుతుంది. లీకు 36 శాతం. మిగతావాటిలో 8 నుంచి 10. థ్రాటిల్ దగ్గర చెవి పెడితే నిశ్శబ్దం, ఆయిల్ మూత దగ్గర మామూలే, రేడియేటర్‌లో బుడగల్లేవు. సైలెన్సర్ గొట్టం దగ్గర స్పష్టంగా బుస్సుమంటోంది. ఎగ్జాస్ట్ వాల్వ్.

ట్యాపెట్ కవర్ విప్పి, ఇంజన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్నటి రేకులు) పెట్టాం. ఎగ్జాస్ట్ గ్యాప్ 0.30 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటో సిలిండర్‌లో 0.22, 0.23. రెండులో 0.19, 0.21. నాలుగులో 0.17, 0.20. మూడులో ఒకటి 0.10, రెండోదానిలో 0.04 రేకు కూడా దూరలేదు. ఇన్‌టేక్ వైపు అన్నీ 0.20కి అటూ ఇటూగా సరిగ్గా ఉన్నాయి.

ఒక్క వాల్వ్ మాత్రమే తప్పి ఉంటే ఆ వాల్వ్ లోపం అనుకోవచ్చు. ఎనిమిది ఎగ్జాస్ట్ వాల్వుల గ్యాపూ తగ్గి, ఇన్‌టేక్‌లు అలాగే ఉండటం సీట్ (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే రింగు) అరుగుదల గుర్తు. సీఎన్‌జీ పొడి ఇంధనం. పెట్రోల్ మండితే వాల్వ్ ముఖం మీద మిగిలే పల్చటి పొర గ్యాస్‌తో ఏర్పడదు. లోహం లోహాన్ని నేరుగా కొట్టుకుంటుంది, సీట్ అరుగుతుంది, వాల్వ్ సిలిండర్ హెడ్‌లోకి, అంటే ఇంజన్ పై భాగంలోకి, కుంగుతుంది, దాని కాడ పైకి లేస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని ఎక్కువగా సీట్‌కు ఆనినప్పుడే దించుకుంటుంది. గ్యాప్ సున్నా అయ్యాక ఇంజన్ వేడెక్కితే కాడ ఇంకా సాగి, వాల్వ్ పూర్తిగా ఆనదు, వేడి దిగదు, అంచు కాలుతుంది. పొద్దున బాగుండి పావుగంటకు మొదలవడానికి కారణం ఇదే. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే ఇంజన్లకు గట్టి సీట్లు, వేరే రకం వాల్వులు ఉంటాయి. బయట కిట్ పెట్టించిన పెట్రోల్ ఇంజన్‌కు అవి ఉండవు.

పెట్రోల్‌లోనూ మిస్ అవుతోంది కాబట్టి గ్యాస్ కాదన్న వాదన ఇక్కడ విరిగిపోయింది. ఆ వారం పరీక్షతో గ్యాస్ ఇంజెక్టర్లు, రిడ్యూసర్ (గ్యాస్ ప్రెషర్ తగ్గించే భాగం), గ్యాస్ మ్యాప్ (గ్యాస్ ఎంత ఇవ్వాలో చెప్పే పట్టిక) వల్ల ఈ మిస్‌ఫైర్ రావడం లేదని మాత్రమే తేలుతుంది. గ్యాస్ చేసి పెట్టిన నష్టం పెట్రోల్‌కు మారినా అక్కడే ఉంటుంది.

చవక మార్గం ఎందుకు నిలవలేదు

హెడ్ దించితే క్యాబ్‌కు నాలుగైదు రోజుల సంపాదన పోతుంది. ప్లగ్ రంధ్రంలోంచి బోర్‌స్కోప్ (సన్నటి కెమెరా) పెట్టి చూస్తే ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ అంచున తెల్లటి సన్న గీత కనిపించింది, కానీ ముక్క ఊడలేదు. గ్యాప్ ఇస్తే వాల్వ్ మళ్లీ ఆని, సీల్ కొంతైనా కుదరవచ్చు. కుదరకపోతే హెడ్ దించక తప్పదని ఓనర్‌కు ముందే చెప్పి, క్యామ్ తీసి మూడో సిలిండర్‌లో రెండు పలచటి ట్యాపెట్లు వేసి 0.30 తెచ్చాం.

మిస్‌ఫైర్ కౌంట్ 70 నుంచి 20కి దిగింది. లీక్‌డౌన్ 36 నుంచి 24కి. వారం తిరిగేసరికి పి0303 పెండింగ్‌లోకి వచ్చింది. అంచు మీద వేడి గ్యాస్ ఒకసారి కాలువ తీశాక గ్యాప్ ఎంత ఇచ్చినా ఆ కాలువ పూడదు. గీత లేకుండా, లీకు 15 శాతం లోపుంటే ఈ మార్గం పట్టుకోవచ్చని మా అభిప్రాయం. గీత కనిపించాక మాత్రం ఇది కొద్దిరోజుల ఉపశమనమే.

హెడ్ పని

హెడ్ దించాక మూడో సిలిండర్‌లోని రెండు ఎగ్జాస్ట్ వాల్వులూ పనికిరావు, ఒకదాని సీట్ ఒక పక్క కాలి ఉంది. మిగతా ఆరింటి ముఖాల మీద చిన్న గుంటలు. ఎనిమిదీ కొత్తవి వేశాం. లేత్ షాపులో ఎనిమిది ఎగ్జాస్ట్ సీట్లనూ తీయించి, గ్యాస్‌కు తగిన గట్టి ఇన్‌సర్టులు (కొత్త సీటు రింగులు) కొట్టించాం. పాత సీట్లనే మళ్లీ కట్ చేస్తే సగం డబ్బు మిగులుతుంది, కానీ అదే మెత్తటి లోహం మళ్లీ గ్యాస్ మీద నడుస్తుంది. వాల్వ్ కూడా హెడ్‌లోకి ఇంకాస్త కుంగుతుంది, అందుకు సరిపడా పలచటి ట్యాపెట్ దొరకదు. అలాంటప్పుడు కొందరు వాల్వ్ కాడ కొసనో ట్యాపెట్ అడుగునో గ్రైండ్ చేసి గ్యాప్ తెస్తారు. గట్టిపరిచిన పై పొర పోయి, కొద్ది నెలల్లో టకటక శబ్దం మొదలవుతుంది. అది ఒప్పుకోకూడదు.

గైడ్లు (వాల్వ్ కాడ జారే గొట్టాలు) ఎంత వదులుగా ఉన్నాయో చూశాకే సీట్లు కట్ చేయాలి. గైడ్ వదులైతే కట్టర్ సెంటర్ తప్పుతుంది. 45 డిగ్రీల సీట్, పైనా కిందా 30, 60 డిగ్రీల కట్లు, ఆనే వెడల్పు 1.2 మిల్లీమీటర్ల దగ్గర. బ్లూ (ఆనిన చోటును చూపే నీలిరంగు) పూసి చూస్తే గుర్తు వాల్వ్ ముఖానికి నడిమధ్యన, చుట్టూ తెగకుండా రావాలి. తర్వాత పోర్టుల్లో పెట్రోల్ పోసి పది నిమిషాలు ఉంచాం, చెమ్మ దిగలేదు. హెడ్ ఉపరితలం వంపు 0.05 లోపే ఉంది కాబట్టి ఫేసింగ్ (ఉపరితలాన్ని చదునుగా చెక్కించడం) చేయించలేదు. అవసరం లేకపోయినా ఫేసింగ్ కొట్టించేయడం అలవాటైపోయింది, దానివల్ల కంప్రెషన్, చైన్ లెక్కలు మారతాయి. కొత్త గాస్కెట్, వాల్వ్ సీళ్లు. యాంగిల్‌తో బిగించే హెడ్ బోల్టులు కాబట్టి అవీ కొత్తవే. చివరగా పదహారు వాల్వుల గ్యాప్ కొలిచి ట్యాపెట్లు ఎంచాం. ఇన్‌సర్టులు మారాక వాల్వ్ ఎత్తు మారుతుంది, పాత ట్యాపెట్లు పాత చోట పడవు.

తర్వాతి రీడింగులు 186, 185, 184, 186. లీకు అన్నింట్లో 9 లోపు. వేడి ఐడిల్‌లో మిస్‌ఫైర్ కౌంట్ సున్నా.

పి0171 మిగిలింది

దీని జాడ గ్యాస్ నుంచి పెట్రోల్‌కు మార్చిన క్షణంలో దొరికింది. మారగానే షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సవరణ) మైనస్ 15కి పడింది. అంటే ఈసీయూ గ్యాస్ మీద నేర్చుకున్న అదనపు ఇంధనాన్ని పెట్రోల్‌లోనూ పోస్తోంది, అక్కడ అది ఎక్కువైపోతోంది. సీక్వెన్షియల్ కిట్‌లో గ్యాస్ ఈసీయూ పెట్రోల్ ఇంజెక్టర్ పల్స్‌ను చదివి గ్యాస్ పల్స్‌గా మారుస్తుంది. మ్యాప్ సరిగా ఉంటే ఒకే ఆర్‌పీఎం, ఒకే లోడ్‌లో పెట్రోల్ పల్స్ రెండు ఇంధనాలకూ ఇంచుమించు ఒకటే ఉండాలి. ఇక్కడ 2500 దగ్గర పెట్రోల్ మీద 2.8 మిల్లీసెకన్లు, గ్యాస్ మీద 3.5.

మ్యాప్ ముట్టుకునే ముందు ప్రెషర్ చూశాం. రిడ్యూసర్ అవుట్‌లెట్ ఐడిల్‌లో 2 బార్, లోడ్ మీద 1.6కి జారుతోంది. లో ప్రెషర్ ఫిల్టర్ కోసి చూస్తే లోపల నల్లటి జిగట ఆయిల్, స్టేషన్ కంప్రెషర్ల నుంచి గ్యాస్‌తో పాటు వచ్చేదే. ఫిల్టర్, రిడ్యూసర్ రిపేర్ కిట్ మార్చాక 1.9 దగ్గర నిలిచింది. ఆ తర్వాత రోడ్డు మీద లోడ్ ఇస్తూ మ్యాప్ సరిచేస్తే పల్స్ 2.9కి, ట్రిమ్ ప్లస్ 3కి వచ్చాయి. ఫిల్టర్ మార్చకుండా మ్యాప్‌లోనే గ్యాస్ పెంచి ఉంటే, ఎవరో ఫిల్టర్ మార్చిన రోజున మిశ్రమంలో గ్యాస్ ఎక్కువైపోయేది.

ఈ రెండు కోడ్లకు లింకు లేకపోలేదు. గాలి ఎక్కువైన గ్యాస్ మిశ్రమం నెమ్మదిగా మండుతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే సరికి ఇంకా మంట మిగిలే ఉంటుంది. అరుగుతున్న సీట్లకు ఆ వేడి తోడైంది. హెడ్ ఒక్కటే చేసి పంపితే కొత్త సీట్లు కూడా అదే వేడిలో పడేవి. ప్లగ్ గ్యాప్ 1.1 ఉంటే గ్యాస్ కోసం 0.8కి తగ్గించాం.

హెడ్ పని అయిన మూడో వారంలో పి0420, కన్వర్టర్ సామర్థ్యం తక్కువని, పెండింగ్‌లో కనిపించింది. కన్వర్టర్ వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ దాని ముందున్న సెన్సర్‌తో పాటే ఊగుతోంది. మొదట ఎగ్జాస్ట్ లీకులు చూశాం, లేవు. నెలల తరబడి మూడో సిలిండర్ నుంచి మండని ఇంధనం కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలింది, లోపలి గూడు దెబ్బతింది. మిస్‌ఫైర్ ఆగకముందే కన్వర్టర్ మార్చి ఉంటే కొత్తదీ పోయేది. ఇప్పుడు మార్చడంలో అర్థం ఉంది, మార్చాం.

ఓనర్‌కు ఇచ్చిన కాగితంలో రాసింది: ప్రతి 10,000 కిలోమీటర్లకు లో ప్రెషర్ ఫిల్టర్, ప్రతి 20,000కి చల్లటి ఇంజన్ మీద ఎగ్జాస్ట్ గ్యాప్ కొలత, 0.24 కన్నా తగ్గితే లైటు కోసం ఎదురుచూడకుండా ట్యాపెట్ మార్పు, రోజూ మొదటి రెండు మూడు కిలోమీటర్లు పెట్రోల్ మీద. మొదటి 20,000 తర్వాత కొలిస్తే ఎనిమిదింటిలో ఎక్కువ తగ్గినది 0.28, అది నాలుగో సిలిండర్‌ది.